దీర్ఘ వ్యోమయాత్రలలో ఆరోగ్యరక్షణము, వస్త్రశుభ్రత

భూమిని విడిచి నెలల తరబడి అంతరిక్షమునందు నివసించు వ్యోమగాముల శరీరమును రోగములకు లోనుగాకుండ కాపాడుటయు, వారు ధరించు వస్త్రములను శుభ్రముగ నుంచుటయు పైకి రెండు వేఱువేఱు పనులుగ తోచును గాని, విచారించి చూచినచో ఆ రెండింటిని కలిపి కట్టిన త్రాడు చెమట యొక్కటే. భారములేని చోట ఎముకలు క్షీణించును. అవి క్షీణింపకుండుటకై ప్రతిదినమును రెండు గంటలపాటు దేహము నలయజేయవలెను. అలసిన దేహమునకు చెమట పట్టును. ఆ చెమట బట్టల కెక్కి, బట్టలనుండి గాలిలో కలిసి, గాలినుండి యంత్రములచే చల్లార్చబడి నీరై, శుద్ధిపొంది, మరల ఆ వ్యోమగాముల త్రాగునీటి సంచులలోనికే చేరును. ఈ వలయమునం దెచ్చట లోపము గలిగినను దాని ఫలితము తక్కిన అన్ని చోట్లను కనబడును గావున, వైద్యుడు, నేతగాడు, రజకుడు, నీటి ఇంజినీరు చేయవలసిన పనులు అంతరిక్ష కేంద్రమున ఒకే శాస్త్రముగ పరిణమించినవి.

దీర్ఘయాత్ర యనగా ఇచ్చట నెలదినములకు మించిన నివాసమని గ్రహింపవలెను. 2021 జూలై 11వ తేదీన తెలుగింటి ఆడపడుచు బండ్ల శిరీష చేసినట్టి కొలది నిమిషముల యాత్రలకు ఈ చిక్కులేవియు లేవు.

తెలంగాణముతో సంబంధముగల ఇరువురు వ్యోమగాములు ఈ శాస్త్రచరిత్రలో రెండు దశలకు సాక్షులు. హైదరాబాదునందలి సెయింట్ జార్జి గ్రామర్ పాఠశాలలోను, నిజాం కళాశాలలోను చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3వ తేదీన సోయుజ్ టి-11 నౌకలో బయలుదేరి, సాల్యూత్-7 కేంద్రమును చేరి, మొత్తము మీద ఎనిమిది దినములకు కొంచెము తక్కువగ అంతరిక్షమున గడపెను. భారరహితస్థితి కండరములకు కలిగించు వికారమును యోగాభ్యాసము ఎంతవఱకు అడ్డగింపగలదో తెలిసికొనుటకు ఆయన అచ్చట ఆసనములు వేసి చూపెను. ఆయన యాత్ర చిన్నదే యైనను, ఆయనకు ఆతిథ్యమిచ్చిన ముగ్గురు సోవియట్ వ్యోమగాములు మాత్రము ఫిబ్రవరినుండి అక్టోబరు వఱకు, అనగా సుమారు 237 దినములు, అచ్చటనే నివసించిరి. వారిలో ఒలేగ్ అత్కోవ్ హృద్రోగ వైద్యుడు. వైద్యుడే రోగపరీక్షకు పాత్రుడును అయి, తన గుండెను, తన తోడివారి గుండెలను నెలల తరబడి పరీక్షించుచు వచ్చిన యాత్ర అది.

రెండవవాడు రాజా చారి. ఈయన తాత మహబూబ్‌నగర్ ప్రాంతమునుండి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమున గణితము బోధించినవాడు; తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయెను. రాజా చారి అమెరికా వాయుసేనలో పనిచేసి, నాసాచే ఎన్నుకొనబడి, క్రూ-3 యాత్రకు నాయకుడుగ 2021 నవంబరు 10వ తేదీన బయలుదేరి, 2022 మే 6వ తేదీన సముద్రమున దిగెను. 177 దినముల యాత్ర. అక్టోబరు చివర జరుగవలసిన ఆ ప్రయాణము మొదట వాతావరణము బాగులేకయు, పిమ్మట నలుగురిలో ఒకరికి కలిగిన స్వల్ప అనారోగ్యమువలనను వెనుకబడెను. ఆ వ్యాధి కోవిడు కాదని మాత్రము నాసా ప్రకటించి, రోగి పేరు చెప్పకయే యుండెను. నాలుగు గోడలనడుమ నలుగురైదుగురు ఒకే గాలిని పీల్చు చోటికి జలుబు నైనను వెంటగొనిపోరాదను నియమము పూర్వానుభవము నేర్పినది: 1968లో అపోలో-7 యాత్రికులు జలుబుతో బాధపడిరి, భారములేనిచోట చీమిడి క్రిందికి జారదు. పిమ్మటి కాలమున ప్రయాణమునకు ముందు రెండు వారములు వ్యోమగాములను ఇతరులనుండి వేఱుగ నుంచుట ఆచారమైనది.

దేహము : భారరహితస్థితిలో మొదటి మార్పు రక్తాది ద్రవములది. కాళ్ళయందుండవలసిన ద్రవము దాదాపు రెండు లీటర్లు పైకెక్కి ముఖమును ఉబ్బించును, ముక్కు దిబ్బడ వేసినట్లుండును, కాళ్ళు సన్నబడును. తల కెక్కిన ఈ ద్రవమువలన నేత్రనాడి ఉబ్బి, కంటి వెనుకభాగము చదునై, కొందఱి చూపు మారుచున్నట్లు 2011లో వైద్యులు ప్రకటించిరి. దీర్ఘయాత్రలకు పోవువారికి కళ్ళద్దాలు వెంట నిచ్చుట నేడు సామాన్యము. నాలుక రుచి నెఱుగుటయు తగ్గునని పలువురు వ్యోమగాములు చెప్పుదురు. కారమునకై వారు తహతహలాడుటకు ఇదియే కారణమందురు. రాజా చారి చేరిన నవంబరునందే కేంద్రములోని మొక్కల పెట్టెలో పండిన మిరపకాయలు కోయబడినవి. తెలుగువాని సన్నిధిలో మిరప కోతకు వచ్చుట యాదృచ్ఛికమే గాని, చెప్పకుండ విడువబుద్ధి పుట్టదు.

ఎముకల సంగతి ఇంతకంటె గంభీరమైనది. మోయవలసిన బరువు లేనందున తుంటియెముక మొదలగునవి నెలకు నూటికి ఒకటినుండి ఒకటిన్నర పాలు క్షీణించును. భూమిపై ముట్లుడిగిన స్త్రీకి సంవత్సరకాలమున కలుగు నష్టమది. కరగిన కాల్షియము రక్తముద్వారా మూత్రపిండములకు చేరి రాళ్ళు కట్టుటకు అవకాశము కల్పించును. కండరములు, ముఖ్యముగ వీపున, పిక్కలయందు, మెత్తబడును. 1970 జూన్ నెలలో సోయుజ్-9 నౌకలో పదునెనిమిది దినములు గడపి దిగిన ఇరువురు సోవియట్ వ్యోమగాములు తమ కాళ్ళపై తాము నిలువలేకపోయిరి. ఆ నౌక ఇఱుకైనది. వ్యాయామమునకు చాలినంత ఏర్పాటు లేదు. ఈ అనుభవముతో కళ్ళు తెఱచిన వైద్యులు వ్యాయామమును దినచర్యలో విడువరాని విధిగ చేసిరి. సాగు త్రాళ్ళు కుట్టి, దేహమును ఎల్లప్పుడు ముడుచుకొనజేయుచు కండరములకు పని కల్పించు 'పెంగ్విన్' అను ఉడుపును, కాళ్ళలోనికి రక్తమును లాగు 'చిబిస్' అను గాలి తీసిన లాగును రష్యనులు కనిపెట్టిరి. 1994 జనవరినుండి 1995 మార్చి వఱకు ఏకబిగిని 437 దినములు మీర్ కేంద్రమున నివసించిన వలేరి పోల్యకోవ్, తానే వైద్యుడై యుండి ఈ నియమములను తప్పక పాటించినందున, భూమికి దిగిన నౌకనుండి తన కాళ్ళతో తాను నడచి కుర్చీ చేరెను. ఇన్నాళ్ళు ఏకధాటిగ అంతరిక్షమున గడపినవాడు మఱొకడు నేటి వఱకు లేడు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున మూడు సాధనములు ముఖ్యములు: నడుమునకు, భుజములకు పట్టీలు తగిలించి క్రిందికి లాగుచుండగా పరుగెత్తు ట్రెడ్‌మిల్, కాళ్ళు బిగించుకొని త్రొక్కు సైకిలు, గాలి తీసివేసిన స్తంభములనుండి 272 కిలోల వఱకు ఒత్తిడి పుట్టించు బరువుల యంత్రము. 2008లో కేంద్రమును చేరిన ఈ మూడవ యంత్రము వచ్చిన పిమ్మటనే ఎముకల నష్టము చాలవఱకు అదుపులోనికి వచ్చినది; దానికి తోడుగ వృద్ధుల ఎముకలకిచ్చు అలెండ్రోనేటు మాత్రను వాడి చూచినప్పుడు నష్టము ఇంకను తగ్గినదని జపాను, అమెరికా పరిశోధకులు తేల్చిరి. సూర్యరశ్మి చర్మమునకు తగులదు గనుక డి విటమిను మాత్ర అందఱికిని నియమము.

మందుల పెట్టెయందు ఉన్నదానితోడనే చికిత్స జరుగవలెను. కేంద్రమున రెండు నెలలు గడపిన ఒక వ్యోమగామి కంఠసిరయందు రక్తము గడ్డకట్టియున్నట్లు, వేఱొక పరిశోధనకై చేసిన అల్ట్రాసౌండు పరీక్షలో అనుకొనకయే బయటపడినది. భూమిపైనున్న నిపుణులతో సంప్రదించి, పెట్టెలో ఉన్న కొలది ఇంజక్షను మందును పొదుపుగ వాడుచు, పిదప సరకుల నౌకలో పంపిన మాత్రలతో చికిత్స కొనసాగించిరి. 2020లో ప్రకటింపబడిన ఈ వృత్తాంతము కేంద్రము భూమికి చేరువగ నున్నందున సుఖాంతమైనది. అంగారకయాత్రలో ఇట్టిది తటస్థించినచో మందు పంపుటకు నౌక యుండదు. ప్రశ్నకు జవాబు వచ్చుటకే ఒక్కొక్కప్పుడు నలుబది నిమిషములు పట్టును. వికిరణము అన్నిటికంటె మొండిది. అంగారకునకు పోయివచ్చు ప్రయాణమాత్రమునందే సుమారు 660 మిల్లీసీవర్టుల వికిరణము సోకునని క్యూరియాసిటీ నౌక కొలిచిన లెక్క; నాసా ఒక వ్యోమగామికి జీవితమంతటికిని విధించిన హద్దు 600. దీనికి వ్యాయామము మందు కాదు.

వస్త్రములు : మానేటి రేవుననో గోదావరి రేవుననో పూర్వము మన రజకులు బట్టలుతికిన విధమును తలచుకొన్నచో ఆ పని అంతరిక్షమున ఏల దుస్సాధ్యమో తేటపడును. మాసిన బట్టలను చౌడు కలిపిన నీట తడిపి, బానపై ఆవిరికి ఉడుకబెట్టి, రేవునకు మోసికొనిపోయి బండపై బాది, పాఱునీట జాడించి, పిండి, ఎండకు ఆఱవేయుదురు. చౌటి క్షారము జిడ్డును విడదీయును; ఆవిరి క్రిములను చంపును; బండదెబ్బ మురికిని రాల్చును; పాఱునీరు దానిని తీసికొనిపోవును. ఇందు క్షారము తప్ప తక్కినవన్నియు భూమి ఆకర్షణతోనో, నీటి సమృద్ధితోనో ముడివడియున్నవి. అంతరిక్ష కేంద్రమున నీరు పాఱదు. ముద్దయై తాకినదాని నంటుకొనును. నురుగులోని బుడగలు పైకి తేలవు గనుక సబ్బునీరు నురుగునుండి వేఱుపడదు. ఇంటి యంత్రములో బట్టలు పైకి లేచి క్రింద పడుటచేతనే మురికి వదలును. అచ్చట పైకి, క్రిందికి అను భేదమే లేదు. కిటికీ వెలుపల ఎండకు కొదవలేదు గాని, అచ్చటికి బట్ట కొనిపోయి ఆఱవేయుటకు గాలియు లేదు, దారియు లేదు.

కావున 2000 సంవత్సరము నవంబరునుండి విడువక మనుష్యులు నివసించుచున్న ఆ కేంద్రమున బట్టలుతుకు పద్ధతి లేదు. కట్టిన బట్టను కట్టగలిగినంతకాలము కట్టి పాఱవేయుటయే మార్గము. నాసా నియమము ననుసరించి లోదుస్తులు, మేజోళ్ళు రెండు దినముల కొకసారి, వ్యాయామపు పొట్టిలాగు, చొక్కా మూడు వ్యాయామ దినముల కొకసారి, పనివేళల చొక్కా, లాగు పది దినముల కొకసారి మార్చుకొనవలెను. కాళ్ళకు చలి వేసినప్పుడు తొడుగు మేజోళ్ళు నెలంతయు రావలెను. గంటలకొలది చెమటయోడ్చు చొక్కాను మూడు దినములు తొడుగుట ఎట్టిదో పాఠకులు ఊహించుకొనగలరు. ఆ చెమట కాఱదు. చర్మముపై పలుచని పొరగ పేరుకొని, దేహము కదలినకొలది మందమగుచుండును. దానిని తువాలుతో అద్దవలసినదే. వ్యాయామానంతరము తడిసిన బట్టలను, తువాళ్ళను గోడల కొక్కెములకు తగిలించి ఆఱనిత్తురు. ఆఱిన తేమ యావత్తు గాలిలోనికి, గాలినుండి నీటి యంత్రములోనికి పోవును.

మేజోళ్ళ విషయము విచిత్రమైనది. నడక లేనందున రెండు మూడు నెలలకు అఱికాలి గట్టితోలు మెత్తబడి పొట్టుపొట్టుగ ఊడును. మేజోడును తటాలున లాగినచో ఆ పొట్టు గాలిలో తేలి తోడివారి ముఖములపై పడును. కనుక దానిని గాలిని లోనికి పీల్చు తెరల దగ్గఱకు పోయి మెల్లగ మడచుచు విప్పుట మర్యాద. ఆ సమయముననే పాదముల పైభాగమున, కడ్డీలక్రింద కాలు దూర్చి నిలుకడ పొందు చోట, క్రొత్తగ కాయలు కాచును.

స్నానము సంగతి చెప్పనక్కఱలేదు. 1973-74లో స్కైలాబ్ కేంద్రమున గుడ్డగొట్టమువంటి స్నానపుగది యొకటి ఏర్పాటు చేసిరి. అమర్చి, స్నానమాడి, చెదరిన బిందువులను పీల్చి, తుడిచి ముగించుటకు రెండున్నర గంటలు పట్టెడిది. అటుపిమ్మట అమెరికనులు ఆ ప్రయత్నము మానిరి. నేడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొనుట, కడుగనవసరము లేని సబ్బుతో తల రుద్దుకొనుట మాత్రమే కలవు.

మాసిన బట్టలను తక్కిన చెత్తతోపాటు ఖాళీ అయిన సరకుల నౌకలలో కుక్కి విడిచిపెట్టగా, అవి వాతావరణమున ప్రవేశించి కాలిపోవును. 2022 ఫిబ్రవరి 21వ తేదీన సిగ్నస్ సరకుల నౌక దరిచేరినప్పుడు యంత్రహస్తముతో దానిని పట్టి కేంద్రమునకు చేర్చినవాడు రాజా చారియే. సరకుతో వచ్చి చెత్తతో పోవుట అట్టి నౌకల ధర్మము. ఒక్కొక్క వ్యోమగామికి ఏడాదికి సుమారు 73 కిలోల బట్టలు కావలెనని నాసా లెక్క. భూమికి నాలుగువందల కిలోమీటర్ల ఎత్తున నున్నంతవఱకు ఈ దుబారా చెల్లును. నలుగురు మూడేండ్లపాటు అంగారకయాత్ర చేయుదురనుకొన్నచో ఆ లెక్కన బట్టలే ఎనిమిదివందల కిలోలు దాటును. అంత బరువును చెత్త చేయుటకై అంత దూరము మోసికొనిపోవుట అవివేకము.

నూలా, పాలియెస్టరా : కేంద్రమున ధరించు బట్టలలో ఎక్కువభాగము నూలువే. ఆదిలాబాదు నల్లరేగళ్ళలో పత్తి పండించువారికి ఈ మాట ఆనందము గలిగింపవచ్చును. కాని దూరయాత్రలకు నూలు తగదను వాదమే నేడు బలపడుచున్నది. నూలు తన బరువులో నూటికి ఎనిమిది పాళ్ళకు పైగ తేమను సహజముగనే పట్టియుంచును. అందువలన మెత్తదనము గలదు గాని, తడిసినచో త్వరగ ఆఱదు. పైగా నూలుబట్ట రాల్చు సన్నని నూగు క్రింద పడక తేలుచు గాలివడపోత జల్లెడలను మూసివేయును. అగ్నిభయము మూడవది. 1967 జనవరి 27వ తేదీన శుద్ధ ఆమ్లజని నింపిన అపోలో-1 నౌకలో పుట్టిన మంట నేలపైనే ముగ్గురు వ్యోమగాములను పొట్టనబెట్టుకొన్న పిదప, గాజునారతో నేసిన మండని వస్త్రమును పై ఉడుపులకు వాడసాగిరి. మున్ముందు చంద్రునిపై, అంగారకునిపై కట్టబోవు నివాసములలో గాలి ఒత్తిడిని తగ్గించి ఆమ్లజని పాలును 34 వఱకు పెంచుట యోచనలో నున్నది. అట్టిచోట నూలు చుఱుకుగ అంటుకొనును. ఉన్ని వాసన నంత త్వరగ పట్టదు, సులువుగ మండదు. పాలియెస్టరు తేమను పీల్చనందున వేగముగ ఆఱును గాని చెమటకంపును విడువదు. పత్తి పండు ఆదిలాబాదును, పాలియెస్టరు మగ్గముల సిరిసిల్లను ఎఱిగిన మన ప్రాంతపు పాఠకులకు ఈ రెండు బట్టల గుణదోషములు వేఱుగ చెప్పనక్కఱలేదు. నాసా ఉన్ని, పాలియెస్టరు, మండకుండ చేసిన కృత్రిమనార మొదలగువానితో కుట్టిన చొక్కాలను వ్యోమగాములచేతనే తొడిగించి, ఎవరికేది ఎన్నినాళ్ళకు వెగటు పుట్టించునో వ్రాయించినది. జపాను మహిళా విశ్వవిద్యాలయమువారు క్రిములను చంపు పూతతో చేసిన లోదుస్తులను 2009లో వ్యోమగామి కొయిచి వకాతా నెలపాటు విడువక తొడిగి, తోటివారెవ్వరును ఫిర్యాదు చేయలేదని చెప్పెను. ఇది శాస్త్రపరీక్షయే గాని, తోటివారి సౌజన్యమునకు కూడ పరీక్షయే.

ఉతుకుటకు యత్నములు : 2021 జూన్‌లో నాసాయు, టైడ్ సబ్బుపొడి చేయు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థయు అంతరిక్షమున బట్టలుతుకు మార్గమునకై ఒడంబడిక చేసికొనిరి. రాజా చారి కేంద్రముననే యుండగా, 2021 డిసెంబరు 21వ తేదీన బయలుదేరిన సరకుల నౌకలో ఆ సంస్థ తయారుచేసిన ఉతుకు ద్రవము పరీక్షకై చేరినది. భారరహితస్థితిలోను, వికిరణములోను నెలల తరబడి నిలువయున్న ఆ ద్రవము గుణము చెడునా యనునది ప్రశ్న. మఱక వదలించు కలములను, తుడుపుగుడ్డలను కూడ పిమ్మట పంపిరి. ఇచ్చట అసలు కష్టము బట్టది కాదు, నీటిది. మూత్రము, చెమట, ఊపిరి తేమ మొదలగువానినుండి నూటికి 98 పాళ్ళ నీటిని తిరిగి రాబట్టగలిగినట్లు 2023 జూన్‌లో నాసా ప్రకటించినది. ఒక్కొక్కరికి దినమునకు కావలసిన సుమారు 3.8 లీటర్లు ఇంచుమించుగ ఆ వలయమునుండియే వచ్చును. ఇంటి యంత్రము ఒక్క మూట ఉతుకుటకే పదుల లీటర్ల నీరు త్రాగును. ఆ సబ్బునీరు మరల త్రాగునీరు కావలెను. సుగంధమునకై కలుపు ఆవిరియగు ద్రవ్యములు గాలిలో చేరి శుద్ధియంత్రములను కలుషితము చేయును. నురుగు పంపులను నిలిపివేయును. కనుక ఆ ద్రవము సువాసన లేనిదై, అల్పమైన నీటితో పనిచేసి, పూర్తిగ విచ్ఛిన్నమగునదై యుండవలెను. చంద్రునిపై ఆఱవవంతైనను ఆకర్షణ కలదు గావున బట్టలుతికి ఆఱబెట్టు యంత్రము మొదట అచ్చట సాధ్యమగునని పలువురి ఊహ. నాకును అదియే సమంజసముగ తోచుచున్నది.

సూక్ష్మజీవులు : బట్టల దుర్గంధమునకు చెమట కారణము కాదు, చెమటను తినుచు చర్మముపై జీవించు సూక్ష్మజీవులు కారణము. అవి బట్టలతో, రాలిన తోలుతో కేంద్రమంతట వ్యాపించును. వ్యోమగాముల రోగనిరోధకశక్తి మందగించి, దేహమున నిద్రించుచున్న సర్పి మొదలగు వ్యాధుల వైరసులు సగమునకు పైగ యాత్రికులలో మేల్కొనుటయు కనబడినది గనుక, ఇది ఉపేక్షింపదగిన సంగతి కాదు. ప్రతి శనివారమును వ్యోమగాములు గోడలను, పిడులను క్రిమినాశక గుడ్డలతో తుడిచి, గాలి జల్లెడలపై పేరుకొన్న నూగును పీల్చియెత్తుదురు. మీర్ కేంద్రమున పలకల వెనుక నీటి ముద్దలు చేరి బూజు పట్టిన అనుభవము వారి కందఱికిని తెలిసినదే.

ఈ సూక్ష్మజీవుల అధ్యయనమున హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు భాగము కలదు. కేంద్రమున పైకప్పు పలకనుండి, కిటికీల గదినుండి, భోజనపు బల్లనుండి 2015-16 ప్రాంతమున తీసిన మూడు బాక్టీరియాలు అంతకుముందు శాస్త్ర మెఱుగని జాతికి చెందినవని 2021 మార్చిలో అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ఆ విశ్వవిద్యాలయపు ఆచార్య పొదిలె అప్పారావు, ఆయన సహచరుడు ప్రకటించిరి. భారతీయ జీవవైవిధ్య శాస్త్రజ్ఞుడగు అజ్మల్ ఖాన్ పేరిట దానికి మెథిలోబాక్టీరియం అజ్మలీ అని నామకరణము చేసిరి. ఇది హానికరమైనది కాదు. మొక్కల ఎదుగుదలకు తోడ్పడు జన్యువులు దానియందున్నవని పరిశోధకులు గుర్తించిరి. భోజనపు బల్లపై దొరకిన సూక్ష్మజీవి రేపు అంగారకునిపై పంటకు పనికివచ్చునేమో!

వ్యోమనౌకకు వెలుపల పనిచేయునప్పుడు ధరించు కవచము వేఱొక ప్రపంచము. లోపల తొడుగు బనియనులో సుమారు 90 మీటర్ల సన్నని గొట్టములు కుట్టబడి, వానియందు చల్లని నీరు పాఱుచు దేహతాపమును హరించును. ఆ నీరు దారితప్పినచో ప్రాణాపాయమే: 2013 జూలై 16న వ్యోమగామి లూకా పర్మితానో శిరస్త్రాణములోనికి లీటరుకు పైగ నీరు చేరి ముక్కును, కన్నులను కప్పెను. 2022 మార్చి 23న రాజా చారితో కలిసి వెలుపలికి పోయిన మథియాస్ మౌరర్ శిరస్త్రాణములోను పని ముగియునప్పటికి నీరు కనబడుటచే, కారణము తేలువఱకు నాసా అట్టి పనులను ఆపివేసెను.

భారతదేశము తనదైన అంతరిక్ష కేంద్రమును 2035 నాటికి నెలకొల్పవలెనని సంకల్పించినది. 2025 జూన్, జూలై నెలలలో అంతర్జాతీయ కేంద్రమున పదునెనిమిది దినములుండి వచ్చిన శుభాంశు శుక్లా చేసిన ప్రయోగములలో కండరముల క్షీణతకు సంబంధించినది ఒకటి. ఎముకల విషయమున వైద్యము చాల దూరము నడచినది. బట్టల విషయమున మాత్రము నేటి వఱకు ఏ దేశపు అంతరిక్ష కేంద్రమునందును ఉతుకు యంత్రము అమర్చబడలేదు.